నాటకాల రివ్యూలు రాసే సీటు దిగిపోవడం ఎలా? పాతికేళ్ళు రాసినవాళ్ళ కోసం

నేను పేపర్‌కి నాటకాల గురించి రాయడం ఆపేసి రెండేళ్ళు దాటింది. అప్పట్నుంచి నెలకి రెండు మూడు ఫోన్లు ఇదే ప్రశ్నతో వస్తున్నాయి, ఒంగోలు నుంచి ఒకాయన, పాలకొల్లు నుంచి ఒకాయన, ఖమ్మం నుంచి ఒకామె, "గురువుగారూ, నాకూ ఓపిక అయిపోయింది, మానేద్దామనుకుంటున్నా గానీ ఎట్లా మానాలో తెలీడం లేదు, మీరెట్లా మానేశారు" అని. ప్రతిసారీ అరగంట చెప్పిందే చెప్తున్నా. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నా, ఇక ఎవరు అడిగినా ఇదే పంపిస్తా.

ఇది ఎవరికంటే, బ్యాంకులోనో బడిలోనో కరెంటాఫీసులోనో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పరిషత్తులకి (ఊళ్ళలో జరిగే నాటకాల పోటీలకి) తిరిగి జిల్లా పేజీకి నాటకాల వార్తలు, రివ్యూలు రాసేవాళ్ళకి. మనలో ఫుల్‌టైమ్ వాళ్ళు ఎంతమందని, దాదాపు అందరం లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద, బతికినవాళ్ళమే.

మానేయడానికి ఇంత తతంగం ఎందుకంటారా? క్రైమ్ రాసేవాడు మానేస్తే పోలీస్ స్టేషన్ ఎక్కడికీ పోదు, మర్నాడు ఇంకొకడు వెళ్తాడు. నాటకాలు రాసేవాడు మానేస్తే ఆ ఆరంగుళాల చోటులో బోర్‌వెల్ ప్రకటన వచ్చి కూర్చుంటుంది, ఇక లేవదు. పైగా నాటకం అయ్యాక ఏం మిగులుతుంది చెప్పండి, సెట్టు లారీ ఎక్కుతుంది, మెమెంటో షోకేసులోకి పోతుంది. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో తన విద్యార్థులతో నాటకం ఆడించారనీ, కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారనీ ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఎవరో రాసిపెట్టబట్టే. మన ఊళ్ళో మొన్న ఆడిన నాటికకి రాసిపెట్టినవాళ్ళు మనమే, ఇంకెవరూ లేరు. కాబట్టి దిగేటప్పుడు ఆ కాగితాలు దింపి మరీ దిగాలి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మూడు నెలల టైము. ఇరవై ఏళ్ళు దాటిన కటింగ్స్ ఉంటే నాలుగు.
- ఇంట్లో ఉన్న కటింగ్స్, పాత నోట్‌బుక్కులు, బ్రోచర్లు, ఆహ్వాన పత్రికలు అన్నీ. అటక మీదవి కూడా.
- మంచి కెమెరా ఉన్న ఫోను, పగటి వెలుతురు వచ్చే కిటికీ.
- ఒక లాంగ్ నోట్‌బుక్, లేదా ఎక్సెల్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఎక్సెల్.
- పెన్సిల్, తెల్ల కాగితాలు, మూతున్న అట్టపెట్టెలు, నూలు దారం. సెల్లోటేపు, స్టేప్లర్ వద్దు, ఎందుకో కింద చెప్తా.
- మీ తర్వాత రాసే మనిషి. దొరక్కపోతే దానికీ దారి ఉంది.

1. తేదీ పెట్టుకోండి

"ఈ ఏడాదితో ఆపేస్తా" అంటే కుదరదు, క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టి పెట్టుకోవాలి. నాటకాల సీజన్ మధ్యలో అస్సలు వద్దు. మా వైపు సంక్రాంతికి మొదలైతే శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాటి ఎండాకాలం దాకా ఏదో ఒక ఊళ్ళో పరిషత్తు నడుస్తూనే ఉంటుంది, మధ్యలో మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16న కందుకూరి వారి జయంతికి తెలుగు నాటకరంగ దినోత్సవం. ఇవన్నీ అయిపోయి వానలు పడి ఆషాఢంలో కొంచెం ఖాళీ వస్తుంది చూడండి, అదే మంచి టైము. కొత్తగా వచ్చేవాళ్ళకి కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. నేను జులై నెలాఖరు పెట్టుకున్నా.

తేదీ పెట్టాక ఇక కొత్త కార్యక్రమాలు ఒప్పుకోవద్దు. "ఈ ఒక్కటీ చూడండి సార్, మా రజతోత్సవం" అని ఎవరో ఒకరు వస్తారు, ప్రతి ఏడాదీ ఎవరిదో ఒకరి రజతోత్సవం ఉండనే ఉంటుంది.

2. ముందు ఎవరికి చెప్పాలి

ఇంట్లో, తర్వాత బ్యూరో ఇన్‌చార్జికి, తర్వాత మీ స్థానంలోకి వచ్చే మనిషికి, ఆఖర్న నాటక సమాజాలకి. ఈ వరస తప్పొద్దు. నేను తప్పాను. కళాక్షేత్రం బయట టీ తాగుతూ ఒక మేకప్ మ్యాన్‌తో మాటవరసకి అన్నా, జులై తర్వాత రాయనని. మొదటి బెల్లు కొట్టే లోపు గ్రీన్‌రూమ్ అంతా పాకింది, రెండు నాటికల మధ్య గ్యాప్‌లో డెస్క్ నుంచి ఫోను, "ఏమండీ, మాకు చెప్పకుండా ఊరంతా చెప్పారట" అని. ఆయన కోపం న్యాయమే. ఆ రాత్రి రెండో నాటిక సగం నా బుర్రకెక్కలేదు.

చెప్పడం నోటితో చెప్పినా కాగితం కూడా ఇవ్వండి. నాలుగు లైన్లు చాలు:

"బ్యూరో ఇన్‌చార్జి గారికి, జులై 31 తర్వాత నాటకరంగ వార్తలు, సమీక్షలు నేను పంపను. ఒప్పుకున్న మూడు కార్యక్రమాలు ఆ లోపు నేనే పూర్తి చేస్తాను. ఆ తర్వాత రాయగలిగిన ఇద్దరి పేర్లు జతచేశాను, నిర్ణయం మీది. నా లైన్ అకౌంట్ జులై వరకు లెక్క చూసి పంపగలరు."

అనారోగ్యం, మనస్తాపం, సీనియర్లకి దక్కని గౌరవం ఇట్లాంటివి అందులో రాయొద్దు. నిజమే అయినా రాయొద్దు, ఆ కాగితం పదిమంది చదువుతారు.

3. కటింగ్స్ పని (అసలు పని ఇదే)

దీనికే రెండు నెలలు పడుతుంది. ముందు ఏడాది వారీగా కుప్పలు పెట్టండి. పెట్టడం మొదలెట్టాక మీకే తెలుస్తుంది, సగం కటింగ్స్ మీద తేదీ ఉండదు. మనం మన ఐటం వరకే నీటుగా కత్తిరించుకుని మురిసిపోయాం, పేజీ పైన తేదీ ఉన్న లైను చెత్తబుట్టలోకి పోయింది. నాకు అట్లాంటివి రెండొందలకి పైన తేలాయి.

ఏం చేయాలంటే కటింగ్ తిప్పి వెనక చూడండి. వెనకవైపు మిర్చి యార్డు ధరలు ఉంటాయి, సినిమా రిలీజ్ ప్రకటన ఉంటుంది, పదో తరగతి ఫలితాలు, ఎన్నికల నామినేషన్లు, ఏదో ఒకటి. సినిమా ప్రకటన దొరికితే పండగే, రిలీజ్ తేదీ ఎక్కడైనా దొరుకుతుంది. నా దగ్గర ఒక పద్య నాటకం కటింగ్‌కి వెనకాల "నేడే విడుదల" అని సగం పోస్టరు ఉంది, హీరో తల లేదు, కాళ్ళూ కింద థియేటర్ల లిస్టూ మాత్రం ఉన్నాయి, దాన్ని పట్టుకుని తేదీ తేల్చాం. ఎంత చూసినా తేలకపోతే "1996-98 మధ్య" అని రాయండి. ఊహించి తేదీ వేయొద్దు, తప్పు తేదీ కన్నా ఖాళీ మేలు.

ఇంకోటి, పేపర్ తేదీ వేరు, ప్రదర్శన తేదీ వేరు. రాత్రి తొమ్మిదికి తెర లేచిన నాటకం మర్నాటి జిల్లా పేజీకి అందదు, ఆ తర్వాతి రోజు వస్తుంది, ఒక్కోసారి ప్రకటనలు ఎక్కువై మూడో రోజు వస్తుంది. కటింగ్‌లో "శనివారం రాత్రి" అని ఉంటే క్యాలెండర్ చూసి ఆ శనివారం ఏ తేదీయో వేయండి. రెండు తేదీలూ రాసుకోండి.

తర్వాత ఫొటోలు. కిటికీ పక్కన బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద కటింగ్ పెట్టి, ఫోను నిటారుగా పైనుంచి పట్టుకుని తీయండి. ఫ్లాష్ వద్దు, మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద కూడా వద్దు, మీ తల నీడే పడుతుంది. కటింగ్ వెనక వైపు కూడా ఒక ఫొటో తీయండి. ఫైల్ పేరు ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత నాటకం, అంటే 2004-03-27-తెనాలి అని మొదలెట్టి నాటకం పేరు. అట్లా పెడితే కంప్యూటరే వరసలో పెట్టేస్తుంది. స్కానర్ ఉంటే 300 డీపీఐ పెట్టండి, జిరాక్స్ షాపులో చేయించేటట్లయితే ఒకటి గుర్తుంచుకోండి, పెళుసెక్కిన న్యూస్‌ప్రింట్‌ని రోలర్‌లోకి తోసే మిషన్‌లో వేయనివ్వొద్దు, ముక్కలై బయటికొస్తుంది. పలక మీద పెట్టి మూత మూసేదే కావాలి.

సాఫ్ట్ కాపీలు ఉన్నవాళ్ళకి వేరే తలనొప్పి. 2000 తర్వాత చాలామంది డీటీపీ షాపులో అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించి ఫ్లాపీల్లో, సీడీల్లో దాచారు. అవి ఇప్పుడు ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనపడుతుంది, పాడయ్యాయని పారేయకండి, పాడవలేదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు, సున్నాలు, ముఖ్యంగా మనుషుల పేర్లు కళ్ళతో చదివి సరిచూడండి, అక్కడే దెబ్బతింటాయి.

ఈ పనిలో అందరూ చేసే తప్పులు:

లామినేషన్. ప్రేమతో చేయిస్తారు. లోపల కాగితం పసుపెక్కడం ఆగదు, ఇక బయటికి తీయలేం. వద్దు.

సెల్లోటేపు. పదేళ్ళకి టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మరకై అక్షరాల మీద ఉండిపోతుంది. స్టేప్లర్ పిన్ను తుప్పు పడుతుంది. కట్ట కట్టాలంటే నూలు దారం చాలు.

అట్టపెట్టెని గోడకి ఆనించి నేల మీద పెట్టడం. చెదలు గోడలోంచే వస్తాయి. బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. కలరా ఉండలు కాగితాల మధ్యలో పోయకుండా గుడ్డలో మూటకట్టి ఒక మూలన పెట్టాలి.

పెన్నుతో కటింగ్ మీద రాయడం. పెన్సిలే, అదీ అంచున.

అసలు కటింగ్సే దాచలేదు అనేవాళ్ళు: నటుల ఇళ్ళకి వెళ్ళండి. మనం పారేసినవి వాళ్ళు దాచుకుంటారు, వాళ్ళ పేరున్నవి మాత్రమే అనుకోండి, అయినా పది ఇళ్ళు తిరిగితే సగం దొరుకుతాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికలకి పేరున్న చోటు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. కాకపోతే మీకు కావాల్సిన జిల్లా పేజీలు ఉన్నాయా అని ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

4. పేర్ల రిజిస్టరు

కటింగ్స్ ఫొటోలు తీసేసి హమ్మయ్య అనుకుంటే సరిపోదు. రేపు ఎవరైనా వెతికేది పేరుతో. ఒక్కో ప్రదర్శనకి ఒక్కో లైను, గళ్ళు ఇవి: ప్రదర్శన తేదీ, వేదిక, నిర్వహించిన పరిషత్తు, ఆడిన సమాజం, సమాజం ఊరు, నాటకం పేరు, నాటకమా నాటికా పద్యనాటకమా, రచన, దర్శకత్వం, ఎవరు ఏ పాత్ర, సంగీతం, లైటింగ్, మేకప్, బహుమతులు వస్తే అవి, ఆఖర్న "ఆ రాత్రి మార్పు" అని ఒక గడి.

ఆ ఆఖరి గడే బంగారం. ఎందుకో చెప్తా. ఒకసారి నాటిక చూసి బ్రోచర్‌లో పేర్లు దించి రివ్యూ పంపేశా. పేపర్ వచ్చిన పొద్దున ఏడున్నరకి ఒకాయన పేపర్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు, ఖాకీ చొక్కా, ఆర్టీసీ డ్రైవరు. తిట్టడానికి వచ్చాడేమో అనుకున్నా. గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, శనివారం నాకు నైట్ డ్యూటీ పడింది, నేను ఆడలేదు, మా డైరెక్టరే నా వేషం వేశాడు. మీరు నేను అద్భుతంగా చేశానని రాశారు. మా ఆవిడ పేపర్ చూసి, మరి డ్యూటీ అని చెప్పి ఎక్కడికెళ్ళావ్ అంటోంది, ఒక్కసారి ఫోన్‌లో చెప్పండి సార్" అన్నాడు. చెప్పా. ఆవిడ నమ్మలేదనుకుంటా, డిపోకి కూడా ఫోన్ చేసిందట. అప్పట్నుంచి నేను తెర లేవక ముందే గ్రీన్‌రూమ్‌కి వెళ్ళి బ్రోచర్ మీద టిక్కులు పెట్టుకునేవాణ్ణి, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని.

ఇట్లాంటి తప్పులు మీవీ ఉంటాయి. రిజిస్టర్‌లో నిజం రాయండి. పాత కటింగ్‌లో అక్షరం దిద్దకండి, పక్కన చీటీ పెట్టండి, "బ్రోచర్‌లో ఫలానా అని ఉంది, ఆడింది ఫలానా" అని.

పేర్ల దగ్గర ఇంటిపేరు, ఇనీషియల్స్ తప్పకుండా ఉండాలి. ఒకే పేరుతో మా జిల్లాలో ముగ్గురు నటులున్నారు, ఇనీషియల్ లేకపోతే ముగ్గురి జీవితం కలిసి ఒకడి ఖాతాలో పడుతుంది. నటీమణుల విషయంలో అయితే మనం చేసింది అన్యాయమే. ఒక్కో ఆవిడ నాలుగైదు సమాజాలకి వేషం కట్టి, రాత్రి బస్సుల్లో ఊరూరూ తిరిగి ఆడుతుంది, మన రివ్యూలో మాత్రం "తల్లి పాత్రధారిణి ఆకట్టుకుంది" అని ఉంటుంది. నా కటింగ్స్‌లో అట్లా పేరు లేని తల్లులు, చెల్లెళ్ళు బోలెడు. సమాజాలకి ఫోన్ చేసి దొరికినన్ని పేర్లు రాయించా. ఈ ఒక్క పని చేసినా మీ మూడు నెలలు దండగ కాదు.

ఒకరు అడిగారు, చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో ఏపీ ప్రభుత్వం నిషేధించింది కదా, పాత రివ్యూలు తీసేయాలా అని. ఎందుకు తీయడం? జీవో వచ్చింది ప్రదర్శన మీద. మీరు 1998లో చూసింది చూసినట్టు రాశారు, అది ఉండాలి. పక్కన నిషేధం సంగతి ఒక లైను రాయండి చాలు.

5. రాసింది ఎవరిది?

సంపుటి వేసుకోవచ్చా అని అందరికీ అనుమానం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. పత్రికలో ఉద్యోగిగా ఉండి పత్రిక కోసం రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది, మిగతా విషయాల్లో హక్కు రాసినవాళ్ళది. ఉద్యోగం కాదు, బయటి నుంచి రాసి పంపేవాళ్ళు అయితే మామూలుగా మీదే. కానీ చేరినప్పుడు మీతో ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారో అది వెతికి చదవండి, అన్నీ రాసిచ్చేసి ఉండొచ్చు. ఫొటోలు మాత్రం తీసినవాళ్ళని, పత్రికని అడక్కుండా వాడొద్దు. కావాలంటే లెటర్ పెట్టి జవాబు కాగితం మీద తీసుకోండి.

6. మీ తర్వాత ఎవరు

ఊళ్ళో నాటకాలాడే వాళ్ళలోంచి తీసుకోకండి. తెలిసినవాడు కదా అనిపిస్తుంది, కానీ సొంత సమాజానికి డబుల్ కాలమ్ వార్త, ఎదుటి సమాజానికి మూడు లైన్లు పడతాయి, రెండో నెలకే గొడవ. తెలుగు లెక్చరర్లు, లైబ్రేరియన్లు, ఆంధ్రా యూనివర్సిటీలోనో తెలుగు యూనివర్సిటీలోనో థియేటర్ ఆర్ట్స్ చదివి ఊరికొచ్చిన పిల్లలు, ఇట్లా వెతకండి. పద్య నాటకానికీ సాంఘికానికీ ఇద్దరు వేర్వేరు మనుషులైతే ఇంకా మంచిది. రాగం మారితే చెవికి తెలియనివాళ్ళు పద్య నాటకం మీద రాస్తే హార్మోనియం ఆయన నవ్వుకుంటాడు.

నేర్పడం ఇట్లా చేయండి. మొదటి నాటకానికి ఇద్దరూ వెళ్ళండి, వేరు వేరుగా రాయండి, మర్నాడు పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండో నాటకానికి ఇద్దరూ వెళ్ళండి, వాళ్ళే రాయాలి, మీరు పేర్లూ తేదీలూ మాత్రం చూడాలి, వాక్యాలు ముట్టుకోవద్దు. మూడోదానికి మీరు వెళ్ళొద్దు. ఇంట్లో కూర్చోండి. అది కష్టం, నాకు తెలుసు, నేను ఆ రాత్రి కళాక్షేత్రం రోడ్డు వరకు బండి మీద వెళ్ళి తిరిగొచ్చా.

చెప్పాల్సినవి కొన్ని:

మొదటి బెల్లుకి అరగంట ముందు వెళ్ళాలి, పేర్లు అప్పుడే తీసుకోవాలి. అయిపోయాక ఎవరి తొందర వాళ్ళది.

డబ్బులు పెట్టిన కవర్ తీసుకోవద్దు. ఆటో చార్జీ అని ఇచ్చినా వద్దు. టీ తాగొచ్చు.

పరిషత్తు నాటికల్లో ముగింపు బయటపెట్టొద్దు. అదే నాటిక ఇంకో పది ఊళ్ళలో పోటీకి వెళ్తుంది, అక్కడ జనం పేపర్ చదివే వస్తారు.

"తమ తమ పాత్రలకు న్యాయం చేశారు", "రక్తి కట్టించారు", "ఆద్యంతం అలరించింది" ఈ మూడూ నిషేధం. నా కటింగ్స్‌లో "రక్తి కట్టించారు" ఎన్నిసార్లు రాశానో లెక్కపెడదామని కూర్చుని నలభై దగ్గర ఆపేశా, సిగ్గేసింది. దాని బదులు చూసిందొకటి రాయమనండి, కొడుకు ఉత్తరం చదువుతున్నప్పుడు తండ్రి వేషగాడు కళ్ళజోడు ఎన్నిసార్లు తుడిచాడో రాస్తే నటన సంగతి పాఠకుడికే తెలుస్తుంది.

ఎవరూ దొరకలేదా? అప్పుడు సమాజాల కార్యదర్శులకే ఒక ఫారం తయారుచేసి ఇవ్వండి, పైన రిజిస్టర్‌లో చెప్పిన గళ్ళే, ప్రదర్శన అయిన మర్నాడు నింపి ఒక ఫొటోతో డెస్క్‌కి పంపమనండి, ఒక కాపీ ఊరి లైబ్రరీకి ఇమ్మనండి. రివ్యూ ఉండదు, కనీసం లెక్క ఉంటుంది.

7. కార్డులు, గ్రూపులు, నంబర్లు

అక్రిడిటేషన్ కార్డు (విలేకరులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) పత్రిక తరఫున వచ్చింది, పత్రిక వదిలితే కార్డు వెనక్కి ఇచ్చేయాలి, దానితో వచ్చిన బస్ పాస్ కూడా. జేబులో ఉంచుకుని ఇంకో ఏడాది తిరుగుదాం అనుకోవద్దు, చెకింగ్‌లో దొరికితే పరువు పోతుంది. వెటరన్ జర్నలిస్టుల కేటగిరీ ఒకటి ఉంది గానీ షరతులు జీవోలు మారినప్పుడల్లా మారుతుంటాయి, మీకు వర్తిస్తుందో లేదో డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసులో అడగండి.

వాట్సాప్ గ్రూపులకి కొత్త మనిషిని అడ్మిన్ చేసి, వారం ఆగి, మీరు బయటికి రండి. ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ చానెల్ ఉంటే వాళ్ళు తమ ఫోన్లోంచి లాగిన్ అయి ఒక పోస్టు పెట్టాకే మీ పేరు తీయండి, ముందే తీస్తే తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. నటుల నంబర్లు ఇచ్చేముందు వాళ్ళని అడగండి, ఆడవాళ్ళ నంబర్లయితే మరీ.

సమాజాలకి పంపే మెసేజ్ నేను ఇట్లా పెట్టా, కావాలంటే వాడుకోండి: "ఆగస్టు 1 నుంచి నేను రివ్యూలు రాయడం లేదు. ఆహ్వానాలు, ఫొటోలు, నటీనటుల లిస్టు ఈ నంబరుకి పంపండి. నాకు పంపితే పేపర్లో రావు. నాటకానికి మాత్రం పిలవండి, వస్తాను."

"నాకు పంపితే పేపర్లో రావు" అనేది తప్పకుండా ఉండాలి, అది లేకపోతే మీకే పంపిస్తారు.

8. ఆఖరి ఐటం, సన్మానం

ఆఖరి రివ్యూ మామూలు రివ్యూలాగే రాయండి. ఆ రాత్రి ఆడినవాళ్ళది ఆ చోటు, మీ ఆత్మకథకి కాదు. కింద రెండు లైన్లు, ఇకనుంచి ఫలానావారు రాస్తారు అని.

సన్మానం వద్దన్నా చేస్తారు. ఒక్క షరతు పెట్టండి, నాటకం అయ్యాకే అని. ముందు పెడితే ఏమవుతుందో మీరెన్నిసార్లు చూడలేదు, అతిథులు ఒక్కొక్కళ్ళూ మైకు పట్టుకుంటే గంటన్నర పోతుంది, పిల్లల నాటికైతే మేకప్ వేసుకున్న పిల్లలు వింగ్‌లో నిద్రపోతారు. నాటకం అయ్యాక పెడితే జనం లేచిపోతారు కాబట్టి ఉపన్యాసాలు వాటంతట అవే చిన్నవవుతాయి. నాది పదకొండు నిమిషాల్లో అయిపోయింది, శాలువాతో సహా.

9. సరిగ్గా అయ్యిందో లేదో ఎట్లా చూసుకోవాలి

మీకు నాటకాలతో సంబంధం లేని ఒక మనిషిని పిలిచి, ఒక నటుడి పేరిచ్చి, "ఈయన 2000 నుంచి 2005 దాకా ఏమేం ఆడాడు" అని రిజిస్టర్ చేతికివ్వండి. మిమ్మల్ని ఏమీ అడక్కుండా పది నిమిషాల్లో చెప్పగలిగితే పాసు. మధ్యలో "ఇదేంటండీ" అని అడిగితే ఆ గడి సరిగ్గా రాయలేదని అర్థం.

ఫొటోల్లో ఏవో ఐదు తెరిచి పెద్దవి చేసి చూడండి, ఇనీషియల్స్ చదవడానికి వస్తున్నాయా, లేకపోతే ఆ కట్ట మళ్ళీ తీయాల్సిందే.

కాపీలు మూడు చోట్ల ఉన్నాయా? మీ ఇంట్లో ఒకటి, వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో పెన్‌డ్రైవ్ ఒకటి, గూగుల్ డ్రైవ్‌లోనో ఇంకోచోటో ఒకటి. గూగుల్ డ్రైవ్ పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలిస్తే అది లెక్కలోకి రాదు, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

మూడు నెలల తర్వాత జిల్లా పేజీ తిరగేయండి. నాటకం ఐటమ్స్ వస్తున్నాయా, ఎన్ని వస్తున్నాయి. నేను ఉన్నప్పటి కంటే తక్కువే వస్తున్నాయి, కానీ వస్తున్నాయి. ఇనీషియల్ తప్పు పడితే కొత్త మనిషికి ఫోన్ చేసి చెప్పొచ్చు. వాక్యం నచ్చకపోతే ఫోన్ చేయొద్దు.

హాల్లో మీరు కూర్చునే ముందు వరస కుర్చీ కూడా వదిలేయండి, అది పేపర్ కుర్చీ. ఐదో వరసలోకి వెళ్ళండి, నిజానికి అక్కణ్ణుంచే స్టేజి మొత్తం కనపడుతుంది, ఇన్నేళ్ళూ మెడ పైకెత్తి నటుల కాళ్ళు చూశామని నాకు అప్పుడే తెలిసింది.

ఆఖరిగా అందరూ అడిగేది, పరిషత్తు వాళ్ళు ఇప్పుడు జడ్జిగా పిలుస్తున్నారు, వెళ్ళొచ్చా అని. రివ్యూ రాస్తున్నప్పుడు వెళ్ళకూడదు, ఇప్పుడు వెళ్ళొచ్చు, కాకపోతే ఒక సీజన్ గడవనివ్వండి, మీ రివ్యూల మీద అలిగిన సమాజాలు కొన్ని ఉంటాయి, వాళ్ళ కోపం చల్లారాలి. వెళ్ళినప్పుడు మీ తర్వాత వచ్చిన పిల్లాడు మొదటి వరసలో మీ పాత కుర్చీలోనే ఉంటాడు, మీ దగ్గరికొచ్చి చనువుగా "గురువుగారూ, ఏ నాటికకి వేశారు" అని అడుగుతాడు. మార్కుల షీట్ చూపించకండి, మీరైతే అడిగేవారు కాదా?